చిప్‌ల లెక్క సరే, ఉద్యోగం పోతే?

ఒక పాఠకుడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ‘చిప్ డిజైన్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఒక ప్రాసెసర్ కంపెనీ వచ్చే ఏడాది ఎన్ని చిప్‌లు తయారు చేస్తుందో, ఏ ధరకు అమ్ముతుందో, గిరాకీ ఎంత ఉంటుందో ఎక్సెల్‌లో లెక్క వేశాను. షేరు బాగా పెరగాలి. అత్యవసరాలకని దాచిన ఎఫ్‌డీ తీసేసి, పైన పర్సనల్ లోన్ కూడా తీసుకుని కొననా?’

వద్దు. లోన్ అయితే అసలే వద్దు. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి, కంపెనీ పేరు మారుతుందంతే, తప్పు ఒక్కటే, అందుకే ఈ జవాబు.

మీ షీటులో వేఫర్ల (చిప్‌లు తయారయ్యే సిలికాన్ పళ్లేల) సంఖ్య, యీల్డ్ (వాటిలో పనికొచ్చే చిప్‌ల శాతం), సగటు ధర అన్నీ ఉన్నాయి, కష్టపడ్డారు. కానీ వేఫర్ ఫ్యాబ్‌లోకి, అంటే చిప్‌ల ఫ్యాక్టరీలోకి వెళ్లి చిప్‌గా బయటికి రావడానికే దాదాపు మూడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, ఈలోగా పీసీ తయారీదారుల దగ్గర పాత స్టాకు పేరుకుపోతే కొత్త ఆర్డర్లు ఆగిపోతాయి, ధరా తగ్గించాల్సి వస్తుంది. ఆ స్టాకు మీకు కనిపించదు. కంపెనీకే సరిగ్గా కనిపించదు. 2022 మూడో త్రైమాసికానికి సుమారు 670 కోట్ల డాలర్ల ఆదాయం వస్తుందని ప్రాసెసర్ల కంపెనీ ఏఎమ్‌డీ ఆగస్టులో చెప్పింది, అక్టోబరు మొదటి వారానికల్లా అది 560 కోట్లేనని తేల్చింది. ఆర్డర్ బుక్కు చేతిలో ఉన్నవాళ్లకే నడుస్తున్న త్రైమాసికం లెక్క అంత తప్పితే, మీరు ఏడాది ముందుకు లెక్కగట్టి దాని మీద అప్పు చేస్తానంటారేంటండీ? ఈఎమ్‌ఐ మాత్రం ఏ నెలా ఆగదు.

అసలు సంగతి ఇంకోటుంది. మీ జీతం, మీరు కొనబోయే షేరు రెండూ ఒకే పరిశ్రమవి. 2024 ఆగస్టు 1న చిప్‌ల కంపెనీ ఇంటెల్ సుమారు 15 వేల ఉద్యోగాల కోత, డివిడెండ్ నిలిపివేత ఒకేసారి ప్రకటించింది, మర్నాడు షేరు నాలుగోవంతుకు పైగా పడింది. అక్కడే పనిచేస్తూ అప్పు చేసి అదే షేరు కొన్న మనిషిని ఊహించుకోండి, జీతం లేదు, అమ్ముదామంటే నష్టం, బ్యాంకు వాయిదా మాత్రం తయారు.

కాబట్టి ఆ ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. మామూలుగా ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టమంటాను, మీలా చిప్ రంగంలో ఉన్నవాళ్లకి ఏడాదివి. ఇందులో ఇప్పటికే ఉన్న ఈఎమ్‌ఐలు, ఇన్సూరెన్స్ ప్రీమియంలు కూడా కలపాలి, చాలామంది వీటిని వదిలేసి ‘నా దగ్గర ఉందిగా’ అనుకుంటారు. కంపెనీ ఇచ్చే హెల్త్ కవర్ ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే ముందు అది తీసుకోండి, షేరు తర్వాత.

అయినా ఆ షేరు మీద మనసు ఆగకపోతే నెలనెలా మిగిలే డబ్బులోంచే కొనండి, మొత్తం పెట్టుబడిలో ఐదు శాతం దాటకుండా, ఆఫీసు ఇచ్చిన షేర్లుంటే అవీ ఆ ఐదు శాతంలోకే వస్తాయి. లోన్ ఇప్పటికే ఖాతాలో పడి ఉంటే, ముందుగా తీర్చేస్తే ఛార్జీ ఎంతో బ్యాంకులో కనుక్కుని ఈ వారమే కట్టేయండి.