నెర్హాకి వెళ్తున్నారా? ఎండాకాలమైతే గుహని మధ్యాహ్నానికి ఉంచుకోండి

ముందు పేరు సంగతి. బోర్డు మీద చదివితే 'నెర్జా' అనిపిస్తుంది కానీ స్పానిష్‌లో ఆ 'జె' అక్షరాన్ని 'హ' అని పలుకుతారు. ఊరి పేరు నెర్హా. దక్షిణ స్పెయిన్‌లోని మాలగా నగరం బస్‌స్టేషన్ కౌంటర్ దగ్గర 'నెర్జా' అంటే అవతలి మనిషి అయోమయంగా చూస్తాడు. మాలగాకి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, అల్మిహారా కొండలు సముద్రం దాకా దిగివచ్చే చోట ఉందీ ఊరు. ఈ తీరాన్ని కోస్తా దెల్ సోల్ అంటారు, అంటే సూర్యుడి తీరం. మన కోస్తా జిల్లాల 'కోస్తా' కూడా పోర్చుగీసువాళ్ళ ద్వారా మనకి వచ్చిన ఇదే మాట.

మాలగాలో ఉద్యోగానికో చదువుకో కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి సెలవు రోజునే నెర్హా బయల్దేరతారు. చాలామంది సగమే చూసి తిరిగొస్తారు. కారణం దూరం కాదు, వరస తప్పడం. పదకొండింటికి దిగి, 'బాల్కనీ' అని పిలిచే కొండకొమ్ము ('బాల్కన్ దె యూరోపా') దగ్గర ఫోటోలు దిగి, ఒంటిగంట ఎండలో బీచ్‌కి వెళ్ళి, సాయంత్రం ఊరి బయటున్న పెద్ద గుహకి చేరేసరికి టికెట్లు అయిపోయి ఉంటాయి. మే నుంచి అక్టోబరు దాకా పాటించాల్సిన వరస ఇది: పొద్దున సముద్రం, మధ్యాహ్నం గుహ, సాయంత్రం ఊరు. చలికాలంలో దీన్ని తిరగేయండి. అప్పుడు మధ్యాహ్నపు ఎండే హాయి, పైగా గుహ సాయంత్రం త్వరగా మూసేస్తారు. పొద్దున్నే గుహ చూసేసి, ఎండెక్కాక బయట తిరగండి.

ఎలా వెళ్ళాలి?

నెర్హాకి రైలు లేదు. మ్యాపులో తీరం వెంట రైలు గీత కనిపించినా అది మాలగాకి పడమటి వైపు, ఫ్యుయెంహిరోలాకి పోయేది. మాలగా మరియా సాంబ్రానో రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న బస్‌స్టేషన్ నుంచి అల్సా బస్సులున్నాయి. మధ్యలో ఊళ్ళలో ఆగేదాన్ని బట్టి గంట నుంచి గంటన్నర పైన పడుతుంది, కాబట్టి టికెట్ కొనేటప్పుడు బయల్దేరే సమయంతో పాటు చేరే సమయం కూడా చూడండి. టైమ్‌టేబుల్లో 'లబొరాబ్లెస్' అంటే పనిదినాలు, 'దొమింగోస్ ఇ ఫెస్తీవోస్' అంటే ఆదివారాలు, పండగలు. ఈ రెండో వరసలో బస్సులు తక్కువ. స్పెయిన్ పండగ సెలవులు మనకి తెలియవు కాబట్టి మామూలు గురువారమే అనుకుని స్టాపులో గంటసేపు నిలబడాల్సి వస్తుంది. వేసవి ఆదివారం సాయంత్రం తిరుగు బస్సు నిండిపోతుంది. వెళ్ళేటప్పుడే రానుపోను రెండూ కొనేయండి.

కారులో అయితే ఏ-7 రోడ్డు. భారతీయ లైసెన్సుతో నడపాలంటే పర్యాటకులు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా వెంట ఉంచుకోవాలి. ఇక్కడ నివాసం మొదలయ్యాక ఆరు నెలల వరకే మన లైసెన్సు చెల్లుతుంది. మన దేశంతో లైసెన్సు మార్పిడి ఒప్పందం లేదు కాబట్టి ఆ తర్వాత పరీక్ష రాసి స్పానిష్ లైసెన్సు తీసుకోక తప్పదు. అద్దె కార్లు ఎక్కువగా గేర్ బండ్లే. ఆటోమేటిక్ కావాలంటే ముందే అడగండి. నీలం గీతల మధ్య పార్కింగుకి డబ్బు కట్టాలి, పసుపు గీత మీద అసలు ఆపకూడదు. సీట్లో బ్యాగు కనిపించేలా వదిలి వెళ్ళొద్దు.

బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి వచ్చేవాళ్ళకి ఒక హెచ్చరిక. అక్కడి నివాస కార్డు ఎంత గట్టిదైనా, చేతిలో ఉన్నది భారతీయ పాస్‌పోర్టయితే షెంగెన్ వీసా (స్పెయిన్ సహా చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా చెల్లేది) కావాలి. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది కానీ షెంగెన్‌లో లేదు. ఇక్కడ దెబ్బతినే వాళ్ళు ఏటా ఉంటారు. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ నివాస అనుమతి ఉన్నవాళ్ళకి వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, కార్డు రెండూ తెచ్చుకుంటే చాలు. హోటళ్ళు చట్ట ప్రకారం ప్రతి అతిథి వివరాలూ నమోదు చేస్తాయి, అనుమానపడకండి. బీచ్‌కి మాత్రం ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్ళొద్దు.

సముద్రంలోకి దిగేముందు

బురియానా ఇక్కడి పెద్ద బీచ్. స్నానానికి షవర్లు, తిండి, కయాక్ అద్దె అన్నీ ఇక్కడే. బాల్కనీ కిందనే ఉన్న కలహొండా చిన్నది, అందమైనది, త్వరగా నిండిపోతుంది. కుటుంబంతో విశాలంగా కూర్చోవాలంటే ఊరికి పడమట ఉన్న ఎల్ ప్లాయాసో మంచిది. విశాఖ బీచ్‌లో మోకాళ్ళ లోతు నీళ్ళలో చాలా దూరం నడిచిన అలవాటుతో ఇక్కడ అడుగేయకండి. చాలాచోట్ల నాలుగడుగులకే లోతు వచ్చేస్తుంది. ఇసుక ముతక, మధ్యలో గులకరాళ్ళు, ఎండెక్కాక కాళ్ళు కాలతాయి. నీళ్ళలో వేసుకునే రబ్బరు చెప్పులు కొనుక్కోండి. చీర, జీన్స్ తడిస్తే బరువెక్కి మనిషిని కిందికి లాగుతాయి.

నీళ్ళు ఆగస్టులో కూడా సుమారు 22, 23 డిగ్రీలే. తూర్పు నుంచి వీచే గాలిని లెవాంతె అంటారు, అది అలల్ని తెస్తుంది. కొండల వైపు నుంచి వచ్చే తెర్రాల్ పొడిగా, వడగాడ్పులా ఉంటుంది. ఒడ్డున మనిషి మాడిపోతుంటాడు, నీళ్ళు మాత్రం మంచులా ఉంటాయి. ఆ గాలి పైనున్న వెచ్చని నీటిని లోపలికి నెట్టేస్తే అడుగున ఉన్న చల్లని నీరు పైకొస్తుంది కాబట్టి అలా అవుతుంది. ఆకుపచ్చ జెండా ఉంటే దిగొచ్చు, పసుపు ఉంటే జాగ్రత్త, ఎరుపు ఉంటే వద్దు. జెల్లీ చేప బొమ్మ ఉన్న జెండా కనిపిస్తే పిల్లల్ని నీళ్ళకి దూరంగా ఉంచండి. ఒకవేళ కుడితే మంచినీళ్ళతో కడగొద్దు, రుద్దొద్దు. సముద్రపు నీటితోనే కడిగి, లైఫ్‌గార్డు దగ్గరికి వెళ్ళండి. ఏ అత్యవసరానికైనా నంబరు 112.

నెర్హాలో ఒక్క పనికే డబ్బు ఖర్చు పెట్టగలమంటే అది కయాక్. బురియానా నుంచి తూర్పున ఉన్న మారో అనే పల్లె వైపు, కొండ గోడల కిందగా, జలపాతం దాకా వెళ్ళి రావడానికి దాదాపు రెండున్నర గంటలు. ఈ మారో-సెర్రో గోర్దో కొండతీరం రక్షిత ప్రాంతం. అందుకే అనుమతి ఉన్న సంస్థతో, గైడుతోనే వెళ్ళాలి. పొద్దున మొదటి బ్యాచ్ ఎంచుకోండి, మధ్యాహ్నానికి గాలి లేచి చేతులు పడిపోతాయి. ఈత రాకపోతే ఆ మాట ముందే చెప్పి, ఇద్దరు కూర్చునే కయాక్ అడగండి. లైఫ్ జాకెట్ బిగుతుగా కట్టించుకోండి. కళ్ళజోడుకి తాడు కట్టుకోండి, ఫోను నీళ్ళు చొరని సంచిలో పెట్టండి.

చిల్యార్ నదిలో నడక గురించి ఇంటర్నెట్‌లో చదివి చాలామంది అడుగుతారు. ఇరుకు రాతి గోడల మధ్య పాదాలు నీళ్ళలో పెట్టి నడిచే దారి అది, నిజంగా బాగుంటుంది. అయితే ఆ దారిని మూసి ఉంచే రోజులుంటాయి. బాల్కనీ దగ్గరి పర్యాటక కార్యాలయంలో అడిగాకే వెళ్ళండి.

గుహ

ఊరి నుంచి గుహ నాలుగు కిలోమీటర్లు. ఎండలో నడవొద్దు. బస్సు, టాక్సీ ఉన్నాయి. టికెట్లు గంటల వారీగా ఇస్తారు కాబట్టి ఆన్‌లైన్లో ముందే కొనండి. ఒంటిగంటకి రెస్టారెంటు తెరవగానే కూర్చుని తినేసి, మూడింటి టికెట్ పెట్టుకుంటే రెండు లాభాలు: స్థానికులు రెండున్నరకి గానీ తిండికి రారు కాబట్టి బల్ల దొరుకుతుంది, బయట నిప్పులు చెరుగుతున్న వేళకి మీరు సుమారు 20 డిగ్రీల చల్లదనంలో ఉంటారు. జనవరి 1న, మే 15న గుహ మూసి ఉంటుంది. మే 15 సాన్ ఇసీద్రో పండగ, ఆ రోజు అలంకరించిన బండ్ల ఊరేగింపు ఊరి నుంచి గుహ దగ్గరికే వస్తుంది.

1959 జనవరి 12న గబ్బిలాల కోసం ఒక బిలంలో దూరిన అయిదుగురు కుర్రాళ్ళు దీన్ని కనిపెట్టారు. 1960లో జనానికి తెరిచారు. బొర్రా గుహలు చూసినవాళ్ళకి పైనుంచి వేలాడే రాళ్ళు, కింది నుంచి పెరిగే రాళ్ళు కొత్త కాదు. కొత్తగా తోచేది పరిమాణం. ఆఖర్లో వచ్చే 'కాతాక్లీస్మో' గదిలో పైరాయీ కిందిరాయీ కలిసిపోయి ఏర్పడ్డ స్తంభం 32 మీటర్ల ఎత్తు, అంటే పదంతస్తుల భవనమంత. ఆ గదిలో నిలబడి ఒక అయిదు నిమిషాలు కదలకండి. ఫ్లాష్ వాడనివ్వరు, అక్కర్లేదు కూడా. వందల మెట్లున్నాయి, తడిగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చి ఇబ్బంది పెట్టొద్దు. పసిపిల్లల్ని తోపుడు బండిలో కాకుండా ఎత్తుకుని తీసుకెళ్ళండి.

తిరిగి వచ్చేటప్పుడు మారో దగ్గర, పాత రోడ్డు పక్కన, నాలుగంతస్తుల ఇటుక కమానుల వంతెన కనిపిస్తుంది. పేరు ఆగిలా, అంటే గద్ద. 19వ శతాబ్దంలో ఇక్కడి చక్కెర మిల్లుకి నీళ్ళు పారించడానికి కట్టారు. ఇప్పటికీ పొలాలకి నీళ్ళు మోస్తోంది.

చెరకు, సీతాఫలం, మామిడి

అవును, చక్కెర మిల్లే. ఈ తీరమంతా ఒకప్పుడు చెరకు తోటలు. చివరి మిల్లు పక్కనే గ్రనాడా తీరంలో, సలోబ్రెన్యా దగ్గర 2006లో మూతపడింది. ఆ చెరకు మిగిల్చిన రుచి ఒకటుంది: 'మియెల్ దె కాన్యా'. మియెల్ అంటే తేనె అయినా ఇది తేనె కాదు, నల్లగా చిక్కగా ఉండే చెరకు పాకం. నెర్హాకి ఉత్తరాన 6 కిలోమీటర్లలో కొండ మీదున్న ఫ్రిహిలియానా ఊళ్ళో పాత భవనం 'ఎల్ ఇంహేనియో'లో దీని ఫ్యాక్టరీ ఉంది. పశ్చిమ గోదావరిలో దిబ్బరొట్టె చెరకు పానకంలో ముంచుకుని తిన్నవాళ్ళు సీసా మూత తీయగానే గుర్తుపడతారు. మన పానకం కంటే కాస్త చేదు ఎక్కువ, కాబట్టి తక్కువ వేసుకోండి. విమానంలో చేతిసంచిలో పెట్టొద్దు, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేసుకుంటారు.

వంకాయ ముక్కలకి పిండి పట్టించి వేయించి, పైన ఈ పాకం పోసిచ్చే 'బెరెంహేనాస్ కోన్ మియెల్ దె కాన్యా' ఇక్కడ శాకాహారులకి దొరికే మంచి వంటకం. నూనె మాత్రం చేపలు వేయించినదే కావచ్చు. పట్టింపు ఉంటే అడగండి. బాదం, వెల్లుల్లి, రొట్టెతో చేసే చల్లని తెల్ల సూప్ 'అహోబ్లాంకో' కూడా బాగుంటుంది. 'వెహెతారియానో' అని ఒక్క మాట అంటే సరిపోదు. మామూలు సలాడ్‌లో ట్యూనా చేప, సల్మొరేహో సూప్ మీద పంది మాంసం ముక్కలు వేసేస్తారు. "సిన్ అతూన్, సిన్ హమోన్" అని విడిగా చెప్పండి. పాయెయ్యా అన్నం కూరగాయలదైనా ఉడికించిన నీళ్ళేమిటో అడగాలి. సీసా నీళ్ళే కొనమని బలవంతం లేదు. 2022 చట్టం ప్రకారం కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, "అగ్వా దెల్ గ్రీఫో" అనండి. సాయంత్రం నాలుగు దాటితే చాలా వంటగదులు మూసేసి మళ్ళీ ఎనిమిదికే తెరుస్తాయి.

చేపలు తినేవాళ్ళ అదృష్టం వేరు. బీచ్‌లో ఇసుక నింపిన పాత పడవలో నిప్పు వేసి, పుల్లకి గుచ్చిన సార్డిన్లని ఆ సెగ మీద కాలుస్తారు. దీన్నే 'ఎస్పెతో' అంటారు. మన కవళ్ళ జాతే. వేసవి నెలల్లో కొవ్వు పట్టి రుచిగా ఉంటాయి. ఉప్పు తప్ప మసాలా ఉండదు, నిమ్మకాయ పిండుకుని చేత్తోనే తినాలి. 'బొకెరోనెస్ ఫ్రీతోస్' అంటే నెత్తళ్ళ వేపుడు. 'ఎన్ వినాగ్రె' అని ఉంటే మాత్రం అది వేపుడు కాదు, పొయ్యి ఎక్కకుండా వెనిగర్లో ఊరబెట్టినది.

మంగళవారం నెర్హాలో సంత జరుగుతుంది. అక్టోబరు నుంచి వసంతం దాకా 'చిరిమోయా' కొనండి. సీతాఫలానికి చెల్లెలు. తొక్క నున్నగా, వేలిముద్రలు పడ్డట్టు ఉంటుంది, గింజలు తక్కువ. గట్టికాయ కొని మూడు నాలుగు రోజులు బయట ఉంచి, మెత్తబడ్డాకే ఫ్రిజ్‌లో పెట్టాలి. ముందే పెడితే పండదు, నల్లబడుతుంది. మామిడి ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరు పంట. ఊదారంగు తొక్క ఉన్న ఓస్తీన్ రకం పీచు లేకుండా ఉంటుంది. బంగినపల్లితో పోల్చకుండా తింటే బాగానే ఉంటుంది.

సాయంత్రం

ఫ్రిహిలియానాకి వేసవిలో ఏడు దాటాకే వెళ్ళండి. సూర్యాస్తమయం తొమ్మిది దాటాకే కాబట్టి తొందర లేదు. తెల్ల సున్నం గోడలు, గులకరాళ్ళ మెట్ల సందులు. గోడలకి బిగించిన పింగాణీ పలకలు 1569లో ఇక్కడ మొరిస్కోలకీ (క్రైస్తవంలోకి మార్చిన ముస్లింలు, వాళ్ళ వారసులు) రాజు సైన్యానికీ జరిగిన యుద్ధాన్ని చెబుతాయి. తిరుగు బస్సు చివరిది ఎప్పుడో దిగిన చోటే చూసుకోండి.

నెర్హాలో రాత్రి ఉండేట్టయితే 'బాల్కన్ దె యూరోపా'ని మర్నాడు పొద్దున ఎనిమిదిలోపు చూడండి. పాత కోట ఉన్న కొండకొమ్ము అది. 1884 డిసెంబరు 25న వచ్చిన భూకంపం తర్వాత ఈ ప్రాంతాన్ని చూడ్డానికి వచ్చిన రాజు అల్ఫోన్సో 12 విగ్రహం కటకటాలకి ఆనుకుని నిలబడి ఉంటుంది. ఆ వేళకి అక్కడ ఆ రాజు, కుక్కల్ని తిప్పే ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు, మీరు. ఎడమ పక్కకి చూస్తే నిన్న మీరు కయాక్ నడిపిన కొండ గోడలన్నీ ఒక్కొక్కటిగా మారో దాకా కనిపిస్తాయి.