ఫీజు మిగులుతుంది, జీతం పోతుంది: ఇంటి చదువు లెక్క ఇలా వేయండి

ప్రశ్న: మా బాబుకు 10 ఏళ్లు, పాపకు 6 ఏళ్లు. ఇద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలని ఉంది. నేనూ మావారూ ఉద్యోగం చేస్తున్నాం. నెలకు చేతికొచ్చే మొత్తాన్ని 100 అనుకుంటే అందులో 60 ఆయనది, 40 నాది. పిల్లల ఫీజులు, బస్సుకు 18 పోతోంది. అన్ని ఖర్చులూ పోగా 20 మిగులుతోంది. 4 నెలల ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంది. అప్పులు లేవు. నేను ఉద్యోగం మానేస్తే ఫీజులు మిగులుతాయి కదా, ఇల్లు గడుస్తుందా?

జవాబు: పూర్తిగా మానేస్తే గడవడం కష్టం. సగం రోజు పనికి మారగలిగితే గడుస్తుంది, అదీ ఓ 10 నెలలు ఆగి మొదలుపెడితే.

ఎందుకో చూడండి. ఇప్పుడు మీ ఖర్చు 80. ఫీజులూ బస్సూ ఆగితే 18 తగ్గుతుంది. మీ ఉద్యోగం వల్ల అయ్యే ఖర్చులు కూడా ఉంటాయి: రాకపోకలు, సాయంత్రం పిల్లలను చూసుకునేవారికి ఇచ్చేది, ఆఫీసు బట్టలు. ఇవి మీరు రాయలేదు కాబట్టి 9 అనుకుంటున్నాను, మీ అసలు అంకె వేసుకోండి. అలా ఖర్చు 53కి దిగుతుంది. ఇంటి చదువుకు మళ్లీ 8 కలపాలి: పుస్తకాలు, సామగ్రికి 3, ఆటలు, సంగీతం లాంటి బయటి తరగతులకు 4, కరెంటు, ఇంటర్నెట్ అదనానికి 1. మొత్తం 61. వచ్చేది 60. అంటే నెలనెలా 1 లోటు, పైసా పొదుపు లేదు. ఇంటి చదువు మొదలుపెట్టిన కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పుస్తకాల ఖర్చును భూతద్దంలో చూస్తారు, పోయే జీతాన్ని లెక్కలోకి తీసుకోరు.

అదే సగం రోజు పనితో మీకు 20 వస్తే ఆదాయం 80. ఉద్యోగ ఖర్చులు 9 నుంచి 4కు తగ్గాయనుకుంటే ఇంటి ఖర్చు 65. నెలకు 15 మిగులుతుంది.

సగం రోజులో ఇద్దరికీ చెప్పగలనా అని సందేహం రావచ్చు. చెప్పగలరు. పక్కన కూర్చుని ఒక్కరికే చెప్పేటప్పుడు 6 ఏళ్ల పిల్లకు రోజుకు గంటన్నర, 2 గంటల పాఠం చాలు. 10 ఏళ్ల వాళ్లకు 3 గంటలు సరిపోతాయి, అందులో కొంత వాళ్లే సొంతంగా చేసుకుంటారు. బడిలో హాజరు, వరుసలు, మిగతా పిల్లల కోసం ఎదురుచూపులతో పోయే సమయం ఇక్కడ ఉండదు. మీ పని వేళలు, మీవారి పని వేళలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవాలి. కుదరకపోతే మళ్లీ ఎవరినో పెట్టుకోవాలి, ఆ ఖర్చు పై లెక్కను తలకిందులు చేస్తుంది.

10 నెలలు ఎందుకంటే: మీ దగ్గరున్న 4 నెలల నిధి 320. కొత్త పద్ధతిలో ఇల్లు ప్రధానంగా ఒక్క జీతం మీదే ఆధారపడుతుంది కాబట్టి 8 నెలల ఖర్చు, అంటే 520 చేతిలో ఉండాలంటాను. తక్కువ పడేది 200. ఇప్పుడు నెలకు 20 మిగులుతోంది కనుక సరిగ్గా 10 నెలల్లో పూడుతుంది. ఈలోగా బడి ఒప్పందం తీసి చదవండి. చాలా బడులు ఒక టర్మ్ ముందే రాతపూర్వకంగా చెప్పమంటాయి, చెప్పకపోతే ఆ టర్మ్ ఫీజు వసూలు చేస్తాయి. డిపాజిట్ కట్టి ఉంటే తిరిగి రాబట్టుకోండి. బదిలీ పత్రం, మార్కుల నివేదికలు అడిగి తీసుకోండి. అన్నిటికంటే ముందు మీరున్న చోట చట్టం ఇంటి చదువును ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. జర్మనీ లాంటి దేశాల్లో పిల్లలను బడికి పంపడం తప్పనిసరి.

ఇక సామగ్రికి పెట్టుకున్న 3. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, చేయి జారేది ఇక్కడే. ఏడాది మొత్తానికి సరిపడా పాఠాల పెట్టె ఒకేసారి కొంటారు. పిల్లవాడికి ఆ పద్ధతి పడదు, రెండు నెలలకే అది అటకెక్కుతుంది. 12 వారాలకు సరిపడా మాత్రమే కొనండి. పెద్దవాడి పుస్తకంలో జవాబులు రాయనివ్వకండి, నోటుబుక్కులో రాయిస్తే నాలుగేళ్ల తర్వాత అదే పుస్తకం చిన్నదానికి పనికొస్తుంది. స్థానవిలువ నేర్పడానికి పుల్లలు పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేస్తే చాలు, పది కట్టలు కలిపితే వంద. సూక్ష్మదర్శిని కొంటే 40 నుంచి 400 రెట్లు చూపేది సరిపోతుంది, ఉల్లిపొర కణాలు అందులో చక్కగా కనిపిస్తాయి. 1200 రెట్లు అని రాసిన ప్లాస్టిక్ ఆటవస్తువులో దృశ్యం పెద్దదవుతుంది గానీ వివరం పెరగదు.

ప్రింటర్ గురించి ఒక లెక్క. ఇద్దరికీ రోజుకు 5 చొప్పున అభ్యాస పత్రాలు, వారానికి 4 రోజులు, ఏడాదికి 36 వారాలు: 1,440 పేజీలు. ఇంక్ కార్ట్రిడ్జ్ ఇన్ని పేజీలు ఇస్తుందని డబ్బా మీద రాసేది పేజీలో దాదాపు 5 శాతం మాత్రమే ఇంకు పడుతుందన్న లెక్కతో. బొమ్మలున్న పత్రంలో 15 శాతం పడితే మూడో వంతు పేజీలే వస్తాయి. పైగా ప్రింటర్‌ను వాడకుండా వదిలేస్తే ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి, వాటిని శుభ్రం చేయడానికి మళ్లీ ఇంకే ఖర్చవుతుంది. నలుపు-తెలుపు లేజర్ ప్రింటర్‌కు ఇలా పూడుకుపోయే బాధ లేదు. ఎక్కాల పట్టికలు, అక్షరాల పత్రాలు లాంటివి ఒక్కసారి ముద్రించి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తుడిస్తే పోయే మార్కర్‌తో రాయించండి.

బయటి తరగతులకు మొదటి 3 నెలలు నెలవారీగానే కట్టండి. ఏడాది రాయితీ చూసి ముందే కడితే, పిల్లలు మధ్యలో మానేసినప్పుడు ఆ డబ్బు వెనక్కి రాదు.

మిగిలే 15ను ఇలా పంచుతాను. ఉద్యోగం సగమైతే మీ పదవీ విరమణ నిధికి యజమాని వేసే వాటా కూడా తగ్గుతుంది, ఆ కోత పూడ్చడానికి 5. పెద్దవాడి బోర్డు పరీక్షలకు 2. ప్రైవేటు అభ్యర్థిగా రాస్తే పరీక్ష రుసుముతో పాటు కేంద్రం రుసుము, సైన్స్ ప్రాక్టికల్స్‌కు ప్రయోగశాల, ఒకటి రెండు సబ్జెక్టులకు ట్యూటర్ అవసరమవుతాయి. అన్నీ ఒకే ఏడాది మీద పడతాయి. 16 ఏళ్లకు రాస్తాడనుకుంటే 72 నెలలుంది, ఆగే 10 నెలలు పోగా 62 నెలల్లో వడ్డీ లేకుండానే 124 పోగవుతుంది. ఈ డబ్బును షేర్లలో పెట్టకండి, తేదీ ముందే తెలిసిన ఖర్చు ఇది. మిగతా 8 పైచదువులకు, అది దీర్ఘకాలం కాబట్టి షేర్ల ఫండ్లలో పెట్టొచ్చు.

చివరిగా బీమా. మీవారికి జీవిత బీమా ఎంతున్నా దాన్ని కొత్త లెక్కతో సరిచూడండి, ఇంటి బరువు ఆయన జీతం మీదకు జరిగింది. మీ పేరు మీద కూడా పాలసీ తీసుకోండి. మీకేదైనా అయితే పిల్లలు మళ్లీ బడికెళ్లాలి, అప్పుడు నెలకు 18 మళ్లీ మొదలవుతుంది, సాయంత్రాలు చూసుకునే మనిషి ఖర్చూ తోడవుతుంది. చిన్నదానికి 18 ఏళ్లొచ్చేదాకా 12 ఏళ్లకు నెలకు 18 చొప్పున లెక్కేస్తే 2,592. మీ పాలసీ మొత్తం కనీసం అంత ఉండాలి. ఆరోగ్య బీమా మీ ఆఫీసు నుంచి వస్తుంటే, సగం రోజు పనికి మారాక అది కొనసాగుతుందో లేదో రాతపూర్వకంగా కనుక్కున్నాకే పని వేళలు మార్చుకోండి.