పైపు బొమ్మ చివరి పేజీలో పెట్టు

విజయవాడ,
మొగల్రాజపురం

చిరంజీవి అమ్మడికి,

పెద్దమామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. భారత్, బంగ్లాదేశ్, నేపాల్ గ్యాస్ మార్కెట్లను కలపడం గురించి నోట్ రాసే టీములో నిన్ను వేసుకున్నారని మీ అమ్మ పటమట అంతా చెప్పి వచ్చింది. నువ్వు పంపిన ముసాయిదా నిదానంగా చదివాను. చదువుకున్నదంతా బాగానే పెట్టావు. అయితే ఉద్యోగమంతా గ్యాస్ పైపులైన్ల దగ్గరే చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి మొదటి పేజీలోనే నాకొక అభ్యంతరం ఉంది. ఆ మ్యాపు. ఎర్రగీత గీసి ‘ప్రతిపాదిత మార్గం’ అని రాశావు చూడు, దాన్ని తీసి చివరి పేజీలో పెట్టు. మ్యాపు కనబడగానే పెద్దలంతా ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు, శంకుస్థాపన ఎప్పుడు అనే అడుగుతారు. ఇక అసలు ప్రశ్న వైపు ఎవరూ చూడరు.

గ్యాస్ సరిపోని రోజున ముందు ఎవరికి ఆపుతారు? అదీ అసలు ప్రశ్న.

కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లవి, నీకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. బచావత్ ట్రైబ్యునల్ 2,060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌గా మనకు 800 అని కృష్ణా నీళ్ళు పంచింది. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తిన ఏడు ఆ అంకెలు ఎవరికీ గుర్తుండవు. పైన ప్రాజెక్టులు నిండక కిందికి చుక్క రాని ఏడే అందరూ కాగితాలు బయటికి తీస్తారు. మీ గ్యాస్ ఒప్పందాన్ని కూడా కరువు ఏడును కళ్ళముందు పెట్టుకుని రాయండి.

అర్జెంటీనా, చిలీల కథ నీ నోట్‌లో లేదు. తప్పకుండా చేర్చు. 1990లలో వాళ్ళు ఆండీస్ పర్వతాలు దాటించి మరీ పైపులు వేసుకున్నారు. చిలీవాళ్ళు ఆ గ్యాస్‌ను నమ్ముకుని విద్యుత్ కేంద్రాలు కట్టారు. తర్వాత ఆర్థిక సంక్షోభం వచ్చి అర్జెంటీనా తన దేశంలో గ్యాస్ ధరను పెరగనివ్వకుండా కట్టేసింది. చవకగా దొరికేసరికి వాడకం పెరిగింది, కొత్త బావుల మీద డబ్బు పెట్టేవాళ్ళు తగ్గారు. 2004లో కొరత రాగానే ఎగుమతికి కోత పెట్టారు. ఏ ప్రభుత్వమైనా తన ఓటర్ల పొయ్యి ఆర్పి పక్కదేశం పొయ్యి వెలిగించదు కదా. చిలీ చివరికి కింటెరో రేవులో ఎల్ఎన్‌జీ, అంటే చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్, దింపుకునే టెర్మినల్ కట్టుకుని 2009 నుంచి ఓడల్లో గ్యాస్ తెప్పించుకుంది. అంత ఖర్చుపెట్టి వేసిన పైపులు చాలా ఏళ్ళు ఊరికే పడి ఉన్నాయి.

కాబట్టి మీవాళ్ళ చేత కాగితం మీద జవాబు చెప్పించాల్సినది ఇదీ: మన దగ్గర ఇళ్ళకు వెళ్ళే పైపు గ్యాస్‌కూ సీఎన్‌జీకీ దేశీయ గ్యాస్‌లో ముందు వాటా ఉంది. మరి ఢాకాలోని వంటిల్లు మన ఎరువుల ఫ్యాక్టరీకి ముందా, వెనకా? కోత పెట్టాల్సి వస్తే రెండువైపులా ఒకే శాతమా? కొరత అని ప్రకటించే అధికారం ఎవరిది, ఎన్ని గంటల ముందు చెప్పాలి? ఈ ప్రశ్నలు అడిగితే మీటింగులో గాలి బిగుసుకుంటుంది. బిగుసుకోనీ. ఇప్పుడు అడగకపోతే ఆ రోజు వచ్చినప్పుడు ఎవరి ఇష్టం వాళ్ళది.

ఇక పైపు తన నేల మీదుగా పోయే మధ్య దేశం సంగతి. ఇది నాకు మనసులో ఉండిపోయిన విషయం, కాస్త ఎక్కువే రాస్తాను. 2005 జనవరిలో మయన్మార్, బంగ్లాదేశ్, భారత మంత్రులు యాంగూన్‌లో కూర్చుని మయన్మార్ గ్యాస్‌ను బంగ్లాదేశ్ మీదుగా మనకు తేవాలని సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. బంగ్లాదేశ్ మూడు కోరికలు పెట్టింది. నేపాల్, భూటాన్‌లతో వ్యాపారానికి మన నేల మీదుగా దారి, ఆ దేశాల జలవిద్యుత్తు మన మీదుగా తమకు అందే ఏర్పాటు, మనతో ఉన్న వాణిజ్య లోటు తగ్గింపు. అవి వేరే విషయాలు, పైపుతో కలపొద్దు అని మనవాళ్ళు అన్నారు. మాటలు సాగాయి, పైపు సాగలేదు. 2013లో ఆ గ్యాస్, ష్వే అనే సముద్ర క్షేత్రానిది, మయన్మార్ తీరం నుంచి చైనాలోని యునాన్‌కు వెళ్ళడం మొదలైంది. తమాషా ఏమిటంటే ఆ గ్యాస్ క్షేత్రంలో మన ప్రభుత్వ కంపెనీలకూ వాటా ఉంది.

బంగ్లాదేశ్ అడిగింది బేరం కోసం బేరం అని అప్పట్లో మా ఆఫీసుల్లో చాలామంది అనేవారు. నేనలా అనుకోను. తన పొలంలోంచి పైపు పోనిచ్చేవాడు నాకేంటి అని అడగడం న్యాయమే. పైగా చూడు, 2024 నవంబరులో నేపాల్ కరెంటు 40 మెగావాట్లు మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కు వెళ్ళింది. 2005లో పైపుతో కలపొద్దన్న కోరికే ఇది. దాదాపు ఇరవై ఏళ్ళకు వేరే దారిలో నెరవేరింది, గ్యాస్ మాత్రం చేజారిపోయింది. అందుకని మీ నోట్‌లో ‘ట్రాన్సిట్ ఫీజు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టకు. మధ్యలో ఉన్న దేశం తన అవసరానికి ఆ పైపులోంచి గ్యాస్ దింపుకునే హక్కు, కరెంటు, రేవులు, రోడ్లు అన్నీ ఒకే బల్ల మీద ఉండాలని రాయి. మీ పైవాళ్ళు అది విదేశాంగ శాఖ పని అంటారు. అయినా రాయి.

మనింటి సంగతి చూసుకోకుండా పక్కింటికి సలహా చెబితే నవ్వుతారు. 2009లో కేజీ డీ6 (కృష్ణా గోదావరి తీరంలోని సముద్ర క్షేత్రం) గ్యాస్ గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరి, కాకినాడ నుంచి గుజరాత్ భరూచ్ దాకా వేసిన పైపులో పడమటికి పోయింది. మా గ్యాస్ మాకు కాకుండా ఎక్కడికో పోతోందని ఇక్కడ ఎంత గోల జరిగిందో నీకు గుర్తుండదు, చిన్నదానివి. తర్వాత ఉత్పత్తి పడిపోయి కొండపల్లి దగ్గరా, వేమగిరి దగ్గరా గ్యాస్ విద్యుత్ యూనిట్లు ఖాళీగా కూర్చున్నాయి. ఒకే దేశంలోనే ఇంత కడుపుమంట ఉంటే రెండు దేశాల మధ్య ఎంతుంటుందో ఊహించుకో. ఎన్ని పైపులు మారినా రవాణా రుసుమును కలిపి లెక్కగట్టే ఏకీకృత టారిఫ్ మనకు 2023 ఏప్రిల్ నుంచే వచ్చింది. అంతకుముందు పైపు మారినప్పుడల్లా రుసుము మీద రుసుము పడేది, దూరంగా ఉన్నవాడికి గ్యాస్ కన్నా రవాణా భారమయ్యేది. గ్యాస్ కొని అమ్ముకునే ఎక్స్ఛేంజి 2020 జూన్‌లో మొదలైంది. జీఎస్టీలోకి మాత్రం గ్యాస్ ఇంకా రాలేదు, ఏ రాష్ట్రం వ్యాట్ ఆ రాష్ట్రానిదే. ఇదంతా మొహమాటం లేకుండా రాస్తే అవతలివాళ్ళు మిమ్మల్ని నమ్ముతారు.

రుసుముల విషయంలో ఫిన్లాండ్, ఎస్టోనియా, లాట్వియా చేసిన పని చదువు. 2020 నుంచి ఆ మూడూ కలిసి ఒకే టారిఫ్ మండలంగా ఏర్పడి, తమ మధ్య సరిహద్దుల్లో రవాణా రుసుము ఎత్తేశాయి. దానివల్ల ఆదాయం తగ్గే పైపు సంస్థకు మిగతావి నష్టం పూడ్చాలి. పక్కనే ఉన్న లిథువేనియా అందులో చేరలేదు. అంత చిన్న దేశాలకే లెక్క తేల్చుకోవడం కష్టమైంది, మీరు ఏడాదిలో తేలుస్తామని రాయకండి.

ధర తగ్గుతుందని కూడా మాటివ్వకండి. మార్కెట్లు కలిస్తే చవకగా ఉన్నచోట ధర పెరిగే అవకాశం ఉంది, అది సహజం. పైగా మన దగ్గరే గ్యాస్‌కు ఒక్క ధర లేదు. పాత క్షేత్రాల గ్యాస్‌కు ముడిచమురు ధరలో 10 శాతం అని 2023లో సూత్రం పెట్టి, పైన పరిమితి కూడా కట్టారు. లోతు సముద్రపు గ్యాస్‌కు ఇంకో పరిమితి. దిగుమతి ఎల్ఎన్‌జీది ప్రపంచ మార్కెట్ రేటు. సరిహద్దు దాటేది వీటిలో ఏది? నీ నోట్‌లో ‘పోటీ ధర’ అని ఉంది. అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు.

చిన్నవిగా కనబడే పనులే చివర్లో పీక పట్టుకుంటాయి. ఫ్రాన్సులో లీకైతే తెలిసేలా పెద్ద పైపుల్లోనే గ్యాస్‌కు వాసన కలుపుతారు, జర్మనీలో ఊళ్ళకు పంచే చోట కలుపుతారు. అంతమాత్రానికే ఫ్రాన్సు గ్యాస్‌ను జర్మనీ వైపు తిప్పడం చిక్కయింది. ఇక మీ మూడు దేశాలకు మూడు గడియారాలు. నేపాల్ మనకన్నా పావుగంట ముందు, బంగ్లాదేశ్ అరగంట ముందు. సరఫరా లెక్కగట్టే ‘గ్యాస్ రోజు’ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే అనుకోకపోతే ఏ రోజు లెక్కా కలవదు. బంగ్లాదేశ్‌లో బిల్లు ఘనపు మీటర్లలో, మన టోకు వ్యాపారం వేడి విలువ మీద, అంటే కాలిస్తే ఎంత వేడి వస్తుందన్న లెక్క మీద. గ్యాస్‌లో ఎంత తేమ ఉండొచ్చో కూడా అంకెతో రాయండి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తేమ ఉన్న గ్యాస్ పంపడంతో లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. దీన్ని అనుబంధంలో ఇరికించకు, అసలు ఒప్పందంలోనే ఉండాలి.

ఇంకొకటి. పైపు రెండువైపులా పారేలా గ్యాస్‌ను నెట్టే కంప్రెసర్లు ఉండాలని ఇప్పుడే షరతు పెట్టించు. 2009 జనవరిలో రష్యా, ఉక్రెయిన్ గొడవతో దాదాపు రెండు వారాలు సరఫరా ఆగి బల్గేరియా, స్లొవేకియా చలిలో అల్లాడాయి. పశ్చిమాన గ్యాస్ ఉంది. కానీ పైపులు తూర్పు నుంచి పడమరకే పారేలా కట్టినవి. తర్వాత యూరోపియన్ యూనియన్ చట్టం చేసి వాటిని మార్పించుకుంది. తర్వాత మార్చడం కన్నా మొదట పెట్టడం చవక.

మొదలెక్కడ అంటావా, నేపాల్ దగ్గర. మోతీహారి నుంచి అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైపులో 2019 నుంచి డీజిల్ వెళ్తోంది. కొలతలు, లీకులు, కస్టమ్స్ కాగితాలు రెండువైపులా ఎలా చూసుకుంటున్నారో ఆ కంట్రోల్ రూములో షిఫ్టు ఉద్యోగులను అడిగి తెలుసుకో. డైరెక్టర్లను కలిస్తే ప్రెజెంటేషన్ చూపిస్తారు, షిఫ్టువాళ్ళు నిజం చెబుతారు. వెళ్ళేటప్పుడు మీ లాయరును వెంటబెట్టుకెళ్ళు, ఇంజనీర్లు ఒక్కరే వెళ్తే సగం ప్రశ్నలు తట్టవు.

దసరాకి వస్తావుగా. మార్చిన ముసాయిదా ప్రింటు తీసి తీసుకురా, ఫోనులో చదవడం నా కళ్ళవల్ల కాదు. మూలా నక్షత్రం రోజు మాత్రం స్టేషన్‌లో దిగకు, వన్‌టౌన్ వైపు బండి కదలదు. ముందురోజే వచ్చేయ్, అత్తయ్య గోంగూర పచ్చడి కలిపి ఉంచుతానంది.

ఇట్లు,
మీ పెద్దమామయ్య