చూడి నిలవని ఆవు దూడకూ అదే గుణం వస్తుందా?

వస్తుంది కానీ చాలా కొద్దిగా. ఆవుల మధ్య చూడి కట్టడంలో కనిపించే తేడాల్లో జన్యువుల వాటా సాధారణంగా 10 శాతం లోపే. మిగతాదంతా మేత, ఒంటి కండ, గర్భాశయ జబ్బులు, కృత్రిమ గర్భధారణ సూది వేయించిన వేళ. డెయిరీల్లో తరచూ తప్పేది ఈ చివరిదే: పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున వేయించాలి. విడుదలైన అండం సుమారు 12 గంటలకు మించి పనికిరాదు.

మాంసపు జాతుల్లో ఆబోతు వృషణాల చుట్టుకొలత లెక్క వేరు. అందులో జన్యువుల వాటా దాదాపు 40 శాతం. అది ఎక్కువున్న ఆబోతు కూతుళ్లు సగటున కాస్త ముందే ఎదకొస్తాయి.

10 శాతం అంటే పది పెయ్యల్లో ఒకటి గొడ్డుబోతుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది మందలోని తేడాల లెక్క. ఒక్కో దూడ జాతకం కాదు.