అమ్మ మందులు మధ్యలో ఆగకూడదు

ప్రశ్న: అమ్మ నాగర్‌కర్నూల్ జిల్లాలోని మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయాక నిద్ర పట్టడం లేదు. పక్కింటివాళ్లు తనను తిడుతున్నారని అంటుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చూపిస్తే తగ్గింది. నెలనెలా తీసుకురాలేక రెండుసార్లు మందులు ఆగిపోయాయి, మళ్లీ మొదలైంది. ఖాళీ మాత్రల అట్టలు దాచిపెట్టి, నేను వెళ్లినప్పుడు చూపిస్తుంది. అన్నయ్యేమో గాలి సోకిందంటూ తాయత్తు కట్టిద్దామంటున్నాడు. ఉప్పల్‌లో మాది ఒక్క గది ఇల్లు. అమ్మను ఇక్కడికే తెచ్చేసుకోవాలా? టెన్షన్‌తో నాకూ నిద్ర ఉండటం లేదు.

జవాబు: ఆ ఖాళీ అట్టల మాట చదివి కాసేపు ఆగిపోయాను. మందు వేసుకోనని మొండికేసే మనిషి వాటిని దాచిపెట్టదు. అయిపోయాయి, తెచ్చిపెట్టమని మిమ్మల్ని అడుగుతోంది. తప్పు ఆమెది కాదు, మీదీ కాదు. మన దేశంలో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది పట్నాల్లోనే ఉన్నారు. ఊళ్లో వాళ్లకు దూరమే పెద్ద జబ్బయి కూర్చుంది.

ఈ వారమే ఒకసారి సెలవు పెట్టి అమ్మను ఎర్రగడ్డకు తీసుకురండి. మందులు ఆగాక పాత చీటీ చూసి మీరే మళ్లీ మొదలుపెట్టకండి. జబ్బు పేరు, మందులు, మోతాదు స్పష్టంగా రాయించుకుని, మీ జిల్లాలోనే చూపించుకునేలా కాగితం ఇమ్మని డాక్టర్‌ను అడగండి. నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. దాని ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో, ఈ మందులు అక్కడ దొరుకుతాయో ముందే కనుక్కోండి. బతిమాలుకోవాల్సిన పని లేదు, మానసిక వైద్యం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. మధ్యలో సందేహం వస్తే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. మీ నిద్ర సంగతి కూడా అక్కడ చెప్పుకోండి.

అన్నయ్యతో గొడవ పడకండి. తాయత్తు కట్టించుకోనివ్వండి, మాత్ర మాత్రం ఆపొద్దని ఒట్టు వేయించుకోండి. ఊళ్లో నమ్మకమైన మనిషినో ఆశా కార్యకర్తనో రోజూ ఒకసారి పలకరించమనండి. అమ్మ అన్నం మానేసినా, చచ్చిపోతానన్నా ఓపీ రోజు కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక ఉప్పల్‌కు తెచ్చుకోవడమంటారా, ఆ ప్రశ్న నన్ను కాదు, అమ్మను అడగండి. ఇప్పుడే వద్దు. మందులు పనిచేసి ఆమె నాలుగు రాత్రులు బాగా నిద్రపోయాక, పక్కన కూర్చుని అడగండి.