కాలువ గట్టు మద్దిని కొట్టించవచ్చా, బెరడు కాచి తాగవచ్చా?

మీ ప్రశ్నలు రెండు: పొలం పక్క కాలువ గట్టున ఉన్న పెద్ద మద్ది ఇంటి దూలాలకు పనికొస్తుందా, గుండె జబ్బున్న మీ నాన్నగారికి దాని బెరడు కాచి ఇవ్వవచ్చా అని. మాది కొత్తపేట దగ్గర పల్లె. మా ఇంట్లో ఈ రెండు పనులూ జరిగాయి.

ముందు అది ఏ మద్దో తేల్చుకోండి. నీటి ఒడ్డున ఉందంటే చాలావరకు తెల్లమద్దే. మాను నున్నగా, బూడిద కలిసిన తెలుపులో ఉంటుంది. పై పొర పలకలుగా ఊడిపోతుంటుంది. నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. కాయతో పోల్చుకోవడం కష్టం, రెండింటికీ ఐదేసి రెక్కలే. నల్లమద్ది గోదావరి ఎగువన పాపికొండల అడవి చెట్టు. 2024లో అటవీ అధికారులు అక్కడ ఒక మానుకు గాటు పెడితే నీళ్లు ధారగా చిమ్మాయి, ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. కరక్కాయ, తానికాయ, మన పెరటి బాదం కూడా ఈ టెర్మినేలియా ప్రజాతివే.

మా పాత ఇంటి దూలాలు నల్లమద్దివి, రాజమహేంద్రవరం అడితిలో కొన్నవి. ఇప్పటికీ వంగలేదు. మేకు నేరుగా దిగదు, ముందు బెజ్జం వేయాల్సిందే. పచ్చి కలపను ఎండలో పడేస్తే చివర్లు చీలతాయి. నీడన, వరసల మధ్య పుల్లలు పెట్టి ఆరనివ్వాలి. తెల్లమద్దీ గట్టిదే, బండ్లకూ పడవలకూ వాడేవారు. అయినా మీ చెట్టును కొట్టవద్దనే అంటాను. గట్టును పట్టి ఉంచేది దాని వేళ్లే. పైగా కాలువ గట్టు ప్రభుత్వానిది. సొంత పొలంలో చెట్టుకైనా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాలి.

నాన్నగారి సంగతికి వస్తే, మా అమ్మకు ఆయుర్వేద వైద్యుడు తెల్లమద్ది బెరడు పొడి ఇచ్చారు. పాలలో నీళ్లు కలిపి, పొడి వేసి, నీరంతా ఇగిరి పాలు మిగిలేదాకా సన్నని సెగన కాచి వడకట్టేవాళ్లం. బాగా వగరు. గుండె డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టాం, మాత్ర ఒక్కటీ మానలేదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టరును అడగకుండా దయచేసి ఇవ్వకండి.

బెరడు తీయాల్సి వస్తే మాను చుట్టూ ఒలవవద్దు, చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఒక పక్కన అరచేయంత మేర, కలపను అంటి ఉన్న లోపలి పొర వదిలేసి తీయండి.