పిల్లాడి గేమ్ పిచ్చికి మా పెంపకమే కారణమా?

హనుమకొండ నుంచి ఒక అమ్మ అడిగారు: పదో తరగతి కొడుకు రాత్రి పన్నెండైనా ఫోన్ వదలడు, మార్కులు పడిపోయాయి, తప్పు మాదేనా?

పూర్తిగా మీది కాదు. తొందరను ఆపుకునే మెదడు ముందు భాగం దాదాపు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. అందాకా కొంత బ్రేకు ఇంట్లోవాళ్లే వేయాలి. ఎలా వేస్తారన్నదే అసలు సంగతి. అమెరికా మనస్తత్వవేత్త డయానా బామ్‌రిండ్ 1960లలో పెంపకాన్ని మూడు రకాలుగా విడదీశారు: ఉత్త హుకుం, ఉత్త గారాబం, ప్రేమతో కూడిన కట్టడి. మూడో రకం ఇళ్లలో పిల్లలకు నిగ్రహం, చదువు మెరుగ్గా ఉంటాయని తర్వాతి పరిశోధనలు చాలావరకు చూపాయి. అయితే పిల్లాడి ఆటకు విసిగి కఠినంగా మారే తల్లిదండ్రులూ ఉంటారు, కాబట్టి ఏది ముందో తేల్చడం కష్టం.

ఫోన్ లాక్కోవద్దు. బీజీఎంఐ (జట్టుగా ఆడే ఫోన్ షూటింగ్ గేమ్)లో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపడం కుదరదు; లాక్కుంటే జట్టు ముందు పరువు పోయిందని గొడవే. "ఈ మ్యాచ్ అయ్యాక పెట్టెయ్ బిడ్డా" అనండి. టైమ్ వాడితో కూర్చునే ఖాయం చేసుకోండి. రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే చార్జింగ్‌కు, నాన్నది కూడా (కష్టమే!). ఇంత చేసినా నెలల తరబడి నిద్ర, చదువు దెబ్బతింటుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే.